సవరణ: ఎంతమంది అన్నది కాదు, ఎవరు అన్నది
స్వచ్ఛందంగా సర్వేలో పాల్గొనేవారి గురించి ఇంతకుముందు రాసినదానిలో ‘ఎంత ఎక్కువ మంది వస్తే ఫలితం అంత నమ్మదగినది’ అన్న వాక్యం ఉంది. యాదృచ్ఛికంగా, అంటే చీటీ తీసినట్టు, ఎంపిక చేసిన నమూనాకే అది వర్తిస్తుంది. ప్రకటన చూసి తమంతట తాము వచ్చేవారికి కాదు.

1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి, రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తాడని తేలింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వే! చిరునామాలు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవారివి కావడం ఒక కారణం. పనిగట్టుకుని తిరిగి పంపినవారి అభిప్రాయాలు మిగతావారితో కలవకపోవడం మరొకటి. నా దృష్టిలో రెండోదే ప్రమాదకరం, ఎందుకంటే జవాబివ్వనివారు లెక్కలో కనిపించరు.

కాబట్టి, ఆసక్తితో వచ్చినవారి జవాబులకు ‘ప్లస్ ఆర్ మైనస్ 3 శాతం’ వంటి దోష పరిధిని (ఫలితం అటూ ఇటూ ఎంత మారొచ్చో చెప్పే అంకెను) తగిలించకండి. వయసు, చదువు వంటివాటిని జనగణనతో సరిచూసి భారాలు వేస్తే, అంటే తక్కువగా వచ్చిన వర్గాల జవాబులకు ఎక్కువ విలువ ఇస్తే, కొంత నయం, అంతే. ప్రశ్నావళిని పరీక్షించడానికైతే స్వచ్ఛందంగా వచ్చేవారు నిక్షేపంగా సరిపోతారు.

సమ్మతి గురించి రాసినదానిలో మార్పు లేదు: పాల్గొనేవారు ఎప్పుడైనా మధ్యలో తప్పుకోవచ్చు.