తీగ తెగినా సేవ ఆగొద్దు

దేవరకొండ దారిలోనో కల్వకుర్తి దారిలోనో జేసీబీ ఒక్క పోటు పొడిస్తే ఇంటర్నెట్ మోసే ఫైబర్ (గాజు తీగ) తెగుతుంది. ఆ మండలంలో మీసేవ ఆగుతుంది. పీహెచ్‌సీలో పెద్ద డాక్టరుతో జరుగుతున్న వీడియో సంప్రదింపు మధ్యలో నిలిచిపోతుంది. సిమ్‌తో నడిచే బ్యాకప్ రూటర్ ఉంది కదా అనుకుంటే, ఒక్కోసారి అదీ మూగబోతుంది. ఆ సిమ్‌కు సిగ్నల్ ఇచ్చే టవర్ కూడా అదే ఫైబర్ మీద ఆధారపడి ఉండటమే కారణం. ఈ సంగతి ఫైబర్ చూసేవారి పటంలో ఉండదు. టవర్ చూసేవారికేమో అక్కడ ఒక బ్యాకప్ రూటర్ ఉందనే తెలియదు. ఎవరి తెర మీద వారికి లెక్క సరిగానే ఉంటుంది, ఊరికి మాత్రం నెట్ ఉండదు.

వైరు, వైర్‌లెస్ నెట్‌వర్క్‌లను జిల్లా స్థాయిలో ఒకే చోట నుంచి చూసి, ఒకే చోట నుంచి మళ్లించే ఏర్పాటు రావాలని మేము కోరుతున్నాం. ఉమ్మడి పాలమూరు, ఉమ్మడి నల్లగొండలలో ఇది ఇంకెంతమాత్రం వాయిదా వేయదగ్గ పని కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ దారిలో ఇప్పటికే అడుగు వేసింది. ఫోన్ సేవలకు (వైర్‌లైన్, మొబైల్), బ్రాడ్‌బ్యాండ్‌కు, వైర్‌లెస్ డేటాకు విడివిడిగా ఉన్న మూడు నాణ్యతా నిబంధనలను 2024 ఆగస్టులో ఒకే నిబంధనావళిగా కలిపింది. అది ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. కాగితం మీద కలిసినవి క్షేత్రంలో ఇంకా కలవాల్సి ఉంది.

మన నేలకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. రాష్ట్రంలో మిషన్ భగీరథ కందకాలనే ఫైబర్‌కూ వాడుకున్నారు. ఖర్చు తగ్గించిన మంచి ఆలోచనే అది. కానీ పైపు లీకేజీకి తవ్వే ప్రతి గుంతా ఇప్పుడు నెట్‌వర్క్ సమస్య కూడా. మన్ననూరు దాటి నల్లమలలోకి పోతే తవ్వకానికి అటవీ అనుమతులు కావాలి కాబట్టి కొంత దూరం గాలిలో సంకేతం పంపే మైక్రోవేవ్ డిష్షులే దిక్కు. ఒక ఊరికి చేరే దారిలో సగం గాజు తీగ, సగం గాలి ఉన్నప్పుడు వాటిని ఇద్దరు వేర్వేరుగా చూస్తే ఏమవుతుందో వానాకాలంలో తెలుస్తుంది.

గట్టి వాన పడితే మైక్రోవేవ్ లింకు చాలాసార్లు తెగిపోదు, సన్నబడుతుంది. వాతావరణం బాగున్నప్పుడు ఒక్కో సంకేతంలో 8 బిట్లు మోసే రేడియో, వానలో తప్పులు రాకుండా 2 బిట్లకు దిగుతుంది. అంటే 200 ఎంబీపీఎస్ దారి దాదాపు 50కి పడిపోతుంది. రేడియోకు ఈ సంగతి తెలుసు. దాని వెనకున్న రూటర్‌కు మాత్రం తెలియదు. లింకు పచ్చగానే కనిపిస్తుంది కనుక అది 200 ఎంబీపీఎస్ లెక్కనే పంపుతూ పోతుంది. ప్యాకెట్లు (డేటా ముక్కలు) రేడియో వాకిట్లో పేరుకుపోయి, ఏది ముఖ్యమో ఏది కాదో చూడకుండా రాలిపోతాయి. వీడియో చెదురుతుంది, ఫోన్ మాట తెగిపోతుంది. రేడియో తన తాజా సామర్థ్యాన్ని రూటర్‌కు చెప్పే పద్ధతులు ఉన్నాయి. ఆ రెండు పెట్టెలూ ఒకే నిర్వహణ కింద ఉంటేనే వాటిని ఎవరైనా ఆన్ చేస్తారు.

కరెంటు పోవడానికీ ఫైబర్ తెగడానికీ తేడా కూడా ఇలాంటిదే. జీపాన్ అనే ఫైబర్ కనెక్షన్ చివర, వాడుకరి దగ్గర ఉండే ఓఎన్‌టీ పెట్టె కరెంటు పోతే ఆరిపోయే ముందు ఒక ఆఖరి సందేశం పంపుతుంది. ఫైబర్ తెగితే అది పంపలేదు, లైటు కానరాదంతే. ఒక ఊళ్లోని పెట్టెలన్నీ ఆ సందేశం పంపి ఆరిపోతే కరెంటు ఆఫీసుకు ఫోన్ చేయాలి. చడీచప్పుడు లేకుండా పోతే ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ బృందాన్ని పంపాలి. ఈ చిన్న విచక్షణ లేక బండి, మనుషులు, సగం రోజు వృథా అవుతున్నాయి. ఫైబర్ ఎంత దూరంలో తెగిందో చెప్పే ఓటీడీఆర్ పరికరం కొలతనూ గుడ్డిగా నమ్మొద్దు. అది చూపేది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. దారిలో 30 ఛాంబర్లు (కేబుల్ గుంతలు) ఉండి, ఒక్కోదాంట్లో 15 మీటర్ల అదనపు కేబుల్ లూపుగా చుట్టి ఉంటే 450 మీటర్ల తేడా వస్తుంది. లూపుల లెక్క రిజిస్టరులో లేకపోతే బృందం తప్పుచోట తవ్వుతుంది.

ఆఫీసు లోపలి వైఫైలోనూ అతుకు సరిగా లేదు. వైరు వైపు స్విచ్చులో ఫోన్ మాటకు ముందు దారి ఇవ్వాలని చెప్పే డీఎస్‌సీపీ 46 అనే గుర్తు వేస్తారు. వైఫై పెట్టెలు సాధారణంగా ఆ గుర్తులో మొదటి మూడు బిట్లనే చూస్తాయి. అవి 5ను సూచిస్తాయి, వైఫై లెక్కలో 5 అంటే వీడియో వరుస. అలా తీగ మీద అగ్రాసనం దక్కిన మాట గాలిలోకి రాగానే ఒక మెట్టు దిగుతుంది. దాన్ని మాటల వరుస అయిన 6కు మార్చాలని 2018లోనే ప్రమాణం వచ్చింది. మార్చాల్సింది ఒక్క సెట్టింగు. రెండు వైపులా ఒకరే చూస్తే గంటలో అయిపోయే పని.

అసలు కీలకం మళ్లింపులో ఉంది. ఫైబర్ తెగి సిమ్ మీదికి వచ్చినప్పుడు అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉందనుకుందాం. ఒక్కోటి 2 ఎంబీపీఎస్ తీసుకునే 16 సీసీ కెమెరాలుంటే అవే 32 అడుగుతాయి. ఇక మిగతావాటికి చోటెక్కడిది? ఫోన్ మాటకు 0.1 ఎంబీపీఎస్, డాక్టరు వీడియోకు ఒకటిన్నర చాలు, వేలిముద్ర ధ్రువీకరణకు అంతకన్నా తక్కువ. కాబట్టి కెమెరాల వీడియోను అక్కడి రికార్డరులోనే ఉంచి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను ఆపి, ఆస్పత్రికీ రేషన్ దుకాణానికీ ముందు దారి ఇవ్వాలి. ఏది ముందు ఆగాలి, ఏది చివరిదాకా నడవాలి అన్నది ఇంజినీరు ఒక్కడే తేల్చేది కాదు. ఆ వరుస మీద కలెక్టర్ సంతకం ఉండాలి.

మళ్లింపులో మరో రెండుచోట్ల దెబ్బ తగులుతుంది. సిమ్ దారిలో వీపీఎన్ సొరంగం (డేటాను రహస్యంగా చుట్టి పంపే దారి) ఉంటే 1500 బైట్ల ప్యాకెట్ అందులో పట్టదు. పింగ్ (చిన్న పరీక్షా సందేశం) పోతుంది, లాగిన్ అవుతుంది, పెద్ద ఫారం మాత్రం తెరుచుకోదు. అందరూ సర్వర్ డౌన్ అంటారు. సొరంగంలో ప్యాకెట్ పరిమితిని 1400 బైట్లకు, అందులోని టీసీపీ డేటా ముక్కను 1360కి కుదిస్తే సాధారణంగా సరిపోతుంది. రెండోది తిరిగి రావడం. అతికించే సమయంలో లైటు వస్తూ పోతూ ఉంటుంది. రాగానే ఫైబర్ మీదికి దూకితే సేవలు పదేపదే తెగుతాయి. కనీసం ఐదు నిమిషాలు నిలకడగా ఉన్నాకే మళ్లించాలి.

వీటికి పునాది, మెరుపులేమీ లేని గుమాస్తా పని. ఒకే చోటును ఒక వ్యవస్థలో మహబూబ్‌నగర్ అని, ఇంకోదాంట్లో ఎంబీఎన్ఆర్ అని, మరోదాంట్లో పాలమూరు అని రాస్తే ఏ కంప్యూటరూ కలపలేదు. ప్రతి గ్రామానికి కేంద్రం ఇచ్చిన ఎల్‌జీడీ కోడ్ (స్థానిక సంస్థల జాబితాలోని సంఖ్య) ఉంది, దాన్నే తాళంచెవిగా వాడాలి. అన్ని పెట్టెల గడియారాలూ ఒకటే చూపాలి. పది నిమిషాల తేడా ఉంటే ఏది ముందు పడిపోయిందో తేలదు. కంపెనీ యాప్‌లో తప్ప కనిపించని పరికరాన్ని ఇకపై కొనొద్దు. ఏ కంపెనీ పరికరాన్నైనా ఒకే తీరుగా నడపనిచ్చే నెట్‌కాన్ఫ్, యాంగ్ వంటి బహిరంగ ప్రమాణాలతో మాట్లాడాలన్న షరతు టెండరులోనే ఉండాలి. పర్యవేక్షణ గదికి వేరే సిమ్ దారి తప్పనిసరి, లేదంటే ఫైబర్‌తో పాటు చూపూ పోతుంది.

ఈ వానాకాలానికి ముందే ఒక్కో జిల్లాలో ఒక్కో మండలాన్ని తీసుకుని, పనిదినాన పదకొండు గంటలకు ఫైబర్‌ను చేత్తో ఊడదీసి చూడండి. పీహెచ్‌సీలో వీడియో ఆగకుండా నడిచిందా, రేషన్ దుకాణంలో వేలిముద్ర పడిందా, టవర్ కూడా పడిపోయిందా అన్నది రాసి ఆ కాగితాన్ని మండలాఫీసు గోడకు అంటించండి.