మళ్ళీ అడిగారని అలిగి ఇంట్లో కూర్చోవద్దు

ఒడిశాలో ఉన్న మన పర్లాకిమిడిలో గానీ బరంపురంలో గానీ నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట చేరితే సరిహద్దు మాట రాకుండా ఉండదు, ఆంధ్రా, ఒడిశా రెండూ మావే అనే కొటియా ఊళ్ళ గొడవ పేపర్లో పడినప్పుడల్లా అయితే ఇంకా ఎక్కువ. ఈ మధ్య ఆ మాటల్లో ఒక కొత్త ముక్క వినిపిస్తోంది. జనం ఏదో ఒకటి తేల్చేశాక అదే ప్రశ్న మళ్ళీ ఓటుకి పెడితే వెళ్ళకూడదు, బాయ్‌కాట్ చేసెయ్యాలి, అప్పుడే బుద్ధొస్తుంది అని. చదువుకున్న కుర్రాళ్ళే అంటున్నారు. స్కాట్లాండ్‌లో బ్రిటన్ నుంచి విడిపోవాలా అని 2014లో ఒకసారి ఓటు అయిపోయాక రెండోది పెడితే మేం పాల్గొనం అని అక్కడి కన్సర్వేటివ్ లీడర్లు అన్న మాట కూడా ఉదాహరణగా చెప్తున్నారు.

వాళ్ళ కోపం మాకు అర్థం కాకపోలేదు. మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటారా అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ బాయ్‌కాట్ మాత్రం తప్పు అని మా పత్రిక గట్టిగా అనుకుంటోంది, ఎందుకో చెప్తాం.

మన దేశం పుట్టిన నెలల్లోనే జరిగిన ముచ్చట ఒకటుంది. 1946 ఎన్నికల్లో ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో 50 సీట్లకి 30 కాంగ్రెస్ గెలిచింది, ముస్లిం లీగ్‌కి 17 వచ్చాయి, డాక్టర్ ఖాన్ సాహెబ్ ప్రభుత్వం నడుస్తోంది. ఏడాది తిరగ్గానే ఇండియానా పాకిస్తానా చెప్పండి అని రిఫరెండం పెట్టారు. సరిహద్దు గాంధీ ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అడిగింది ఒక్కటే, మేం నిరుడే కదా తేల్చి చెప్పాం, మళ్ళీ అడుగుతారా, అడిగితే పఠాన్లకి సొంత దేశంగా మా పఖ్తూనిస్తాన్ కూడా చీటీ మీద పెట్టండి అని. పెట్టలేదు. ఆయన మనుషులు ఓటుకి వెళ్ళలేదు.

1947 జులైలో ఓటు జరిగింది. మొత్తం ఓటర్లు 5,72,798 మంది, పాకిస్తాన్‌కి 2,89,244, ఇండియాకి 2,874. ఈ లెక్క దగ్గర కొంచెం ఆగాలి. రాని వాళ్ళందరూ వచ్చి ఒక్కళ్ళు కూడా తప్పకుండా ఇండియాకే వేసినా 2,83,554 అయ్యేది, అంటే ఐదారు వేల తేడాతో ఓడిపోయేవాళ్ళే, మరి బాయ్‌కాట్ వల్ల పోయిందేముంది అని ఎవరైనా అడగొచ్చు. పోయింది చాలా ఉంది. దొంగ ఓట్లు పడ్డాయని తర్వాత గఫార్ ఖాన్ అనుచరులైన ఖుదాయి ఖిద్మత్‌గార్లు ఆరోపించారు, కానీ బూత్‌లో మన ఏజెంటు లేనప్పుడు వీడు ఆ మనిషి కాదు అని లేచి చెప్పేదెవరు? పంచాయతీ ఎన్నికల్లో ఒక్క రోజు ఏజెంటుగా కూర్చున్న ఎవర్నడిగినా చెప్తారు, సగం ఎలక్షన్ అక్కడే జరుగుతుందని. ఆగస్టు 22న ఖాన్ సాహెబ్ ప్రభుత్వాన్ని తీసేశారు. బహిష్కరించిన వాళ్ళ బాధ ఆ లెక్కల్లో ఎక్కడా కనపడదు, 2,874 అన్న అంకె మాత్రం చరిత్రలో నిలబడిపోయింది.

అదంతా పాతకాలం అంటారా, మొన్నమొన్నటి న్యూ కాలెడోనియా చూడండి. ఫ్రాన్స్ కింద ఉన్న ఆ దీవుల్లో స్వాతంత్ర్యం కావాలా అని 2018లో అడిగితే 43 శాతం కావాలన్నారు, 2020లో రెండోసారి అది దాదాపు 47 అయింది, అంటే పెరుగుతోంది. మూడోసారికి కరోనా వచ్చి, స్వాతంత్ర్యం కోరే అక్కడి మూలవాసులు కనక్‌ల ఊళ్ళల్లో చాలామంది పోయారు, మేం దుఃఖంలో ఉన్నాం కొంచెం వెనక్కి జరపండి అని అడిగితే పారిస్ వినలేదు, వాళ్ళు బాయ్‌కాట్ అన్నారు. 2021 డిసెంబర్ 12న ఓటేసింది 44 శాతం లోపే, వద్దు అన్నది 96 శాతం పైనే. పారిస్ ఆ ఫలితాన్నే పట్టుకుంది. 2024 మేలో అక్కడ మంటలు లేచాయి, ప్రాణాలు పోయాయి. వాళ్ళ కారణం ఎంత న్యాయమైనదో మాకు తెలుసు, చావు ఇంట్లో ఉంటే ఓటు మాట ఎవరికి నచ్చుతుంది, అయినా 47 దాకా వచ్చిన వాళ్ళు లెక్కలో 3 దగ్గర మిగిలిపోవడం చూస్తే మనసు కలుక్కుమంటుంది.

బాయ్‌కాట్ పనిచేసిన చోటు లేదా అంటే ఉంది. అమెరికా కింద ఉన్న ప్యూర్టో రికో దీవిలో 2017లో అమెరికా రాష్ట్రంగా చేరాలా అని మళ్ళీ అడిగితే ప్రతిపక్షాలు దూరంగా ఉన్నాయి, 97 శాతం చేరతాం అన్నా ఓటేసింది 23 శాతమే కాబట్టి దానికి విలువ లేకుండా పోయింది. కానీ అక్కడ ఓటు ఎలా పడ్డా నిర్ణయం వాషింగ్టన్‌దే, 2020లో అందరూ పాల్గొని సగం కంటే ఎక్కువ మంది అవునన్నా కూడా ఏం కదల్లేదు. ఇటలీలో లాగా సగం మంది రాకపోతే చెల్లదు అని ముందే రాసుంటే కూడా దూరంగా ఉండటానికి ఒక అర్థం ఉంటుంది. ఆ రూల్ లేని చోట రానివాడి మౌనం అర్ధాంగీకారమే.

మా ఊరికి రోడ్డు వెయ్యకపోతే ఓటు వెయ్యం అని మనవైపు కొండ ఊళ్ళు ఎప్పట్నించో అంటున్నాయి కదా, అది తప్పా అని అడుగుతారు. తప్పని మేం ఎప్పుడూ రాయలేదు, రాయం. అందులో బలం అంతా పోలింగ్‌కి ముందే ఉంటుంది, ఆఫీసర్లు ఊళ్ళోకి వస్తారు, మాట ఇస్తారు, మళ్ళీ ఐదేళ్ళకి ఇంకో ఎలక్షన్ ఉంటుంది. దేశం ఎటు అన్న ఓటు అలా కాదు, ఒకసారి ఫలితం వచ్చేశాక బతిమాలడానికి ఎవరూ రారు.

ఇంకో సంగతి మల్కన్‌గిరి వాళ్ళకి మాకంటే బాగా తెలుసు. మావోయిస్టులు ఎన్నికలు బహిష్కరించమని పోస్టర్లు వేసిన రోజుల్లో వేలి మీద సిరా చుక్కే భయం అయింది. మామూలు ఓటులో ఎవరికి వేశావో ఎవరికీ తెలీదు, బాయ్‌కాట్‌లో బూత్ వైపు నడవడమే నీ ఓటు బయటపెట్టేస్తుంది, చిన్న ఊళ్ళో ఎవరు వెళ్ళారో ఎవరు వెళ్ళలేదో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. మెత్తటి మనిషికి రహస్య ఓటు ఒక్కటే కదా ధైర్యం, దాన్ని మన చేతులతో మనమే తీసేస్తామా?

మరి అన్యాయంగా పెట్టిన ఓటుని అలాగే ఒప్పుకోవాలా? అక్కర్లేదు. గోవాని చూడండి. 1963 ఎన్నికల్లో గెలిచిన మహారాష్ట్రవాది గోమంతక్ పార్టీ అదే మహారాష్ట్రలో విలీనానికి తీర్పు అంది, అవతలి వాళ్ళు కాదు ఇదొక్కటే ప్రశ్నగా పెట్టి అడగండి అన్నారు, అంతటితో ఆగకుండా ఆ పార్టీ ముఖ్యమంత్రి బందోద్కర్ ప్రభుత్వం కుర్చీలో ఉండగా ఓటు న్యాయంగా జరగదని పట్టుబట్టారు. 1966 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వం దిగిపోయింది. 1967 జనవరి 16న విలీనానికి పువ్వు గుర్తా, విడిగా ఉండటానికి రెండాకుల గుర్తా అని జనాన్ని అడిగితే 1,72,191 మంది రెండాకులకి వేశారు, పువ్వుకి 1,38,170. గోవా మహారాష్ట్రలో కలవలేదు. షరతులు పెట్టి, సాధించుకుని, అప్పుడు బూత్‌కి వెళ్ళారు.

మన రాజ్యాంగంలో రిఫరెండం అన్న ఏర్పాటు లేదు, రేపే ఏదో వచ్చేస్తుందని మేం చెప్పట్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి ఇటు, పాతపట్నం అటు అయినప్పుడు మన తాతల్ని ఓటు పెట్టి ఎవరూ అడగలేదు, కమిటీల వాళ్ళు వచ్చి నలుగురు పెద్దమనుషుల మాట విని వెళ్ళారు అంతే. అందుకే ఎవరైనా ఎప్పుడైనా జనాన్ని అడుగుతామంటే, అది రెండోసారైనా మూడోసారైనా, మేం ముందు అడగబోయేవి చెప్తున్నాం. ప్రశ్న తెలుగులో, ఒడియాలో, కొండవాళ్ళ కువిలో కూడా ఉండాలి. ఎంతమంది వస్తే చెల్లుతుందో, మళ్ళీ ఎన్నేళ్ళదాకా అడగకూడదో ఓటుకి ముందే రాసి పెట్టాలి. 2013 నుంచి మన ఎన్నికల్లో ఉన్న నోటా లాంటి గడి అందులోనూ ఉండాలి, గఫార్ ఖాన్‌కి అలాంటి మూడో గడి ఏదీ దక్కలేదు. ప్రతి బూత్‌లో రెండువైపులా ఏజెంట్లు కూర్చోవాలి. ఇవి ఒప్పుకోకపోతే కోర్టుకెళ్దాం, ధర్నా చేద్దాం, మా పేజీలు దానికి తెరిచే ఉంటాయి, కానీ పోలింగ్ రోజు పొద్దున్న మాత్రం క్యూలో ఉందాం. 2024 మే 13న కొటియా వాళ్ళు ఒకే రోజు అటు ఆంధ్రాకీ ఇటు ఒడిశాకీ ఓటేసి వచ్చారు, రెండు ప్రభుత్వాల మీదా వాళ్ళకున్నంత కోపం మనకెవరికీ లేదు.