మా సెల్లార్‌లో నీటి చక్రం

మొన్నటి వాయుగుండం పుణ్యమా అని విశాఖలో మా మాధవధార అపార్ట్‌మెంటులో ఓ అపురూప దృశ్యం కనిపించింది. ఒకే గేటు, రెండు పైపులు. ఒకటి సెల్లార్‌లో మోకాల్లోతు నిలిచిన వాన నీటిని రోడ్డు మీదకు తోడేస్తోంది. రెండోది ట్యాంకర్ నీళ్ళను సంపులోకి దింపుతోంది. డీజిల్ ఖర్చు మాదే, ట్యాంకర్ ఖర్చూ మాదే.

ప్రెసిడెంట్ గారు గొడుగు పట్టుకుని రెండు పైపుల మధ్య నిలబడ్డారు. ధవళేశ్వరం కట్టినప్పుడు కాటన్ దొర కూడా అంత గంభీరంగా నిలబడి ఉండడు. "చూసుకో బాబూ, అక్కడ నీళ్ళున్నాయి" అని ట్యాంకర్ డ్రైవర్‌ని హెచ్చరించారు కూడా. నీళ్ళు తెచ్చినవాడు నీళ్ళలో తడవకూడదుగా! అతను ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మా వానలో ఈదుకుంటూ వచ్చి మాకు నీళ్ళు పోశాడు.

మా వాచ్‌మన్ ఊరుకోడు. "మేడ మీద పడ్డ నీళ్ళకి గొట్టమెట్టి సంపులోకి ఒదిలేస్తే పోద్ది కదేటి బాబూ?" అన్నాడు. టెక్నికల్ విషయాల్లో తలదూర్చొద్దని ట్రెజరర్ గారు మందలించారు. అన్నట్టు, మాకు ఇంకుడు గుంత కూడా ఉంది. ప్లాన్ కాగితంలో ఉంది. నేల మీద ఆ చోట జనరేటర్ ఉంది.

ఊరి పేరులోనే ధార ఉంది. సింహాచలం కొండ మీద పడ్డ వాన కొంత రాతి పగుళ్ళలోకి ఇంకి, తర్వాత ఊటగా బయటికొస్తుంది. మిగిలింది గెడ్డగా, అంటే కొండవాగుగా, కిందికి దిగుతుంది. పాతవాళ్ళు మా సెల్లార్ ఉన్న చోటును ఇప్పటికీ గెడ్డ అనే పిలుస్తారు. బిల్డర్ దానికి ప్రైమ్ లొకేషన్ అని పేరు పెట్టాడు. పాపం గెడ్డ, బ్రోషర్ చదువుకోలేదు. పాత దారినే వచ్చేసింది.

అసలు మనం తాగే నీళ్ళు ఎక్కడివని మీటింగులో అడిగాను. "ట్యాంకర్‌వి" అన్నారు సెక్రటరీ గారు. మేఘాద్రి గెడ్డ రిజర్వాయరు నీళ్ళు తాగే ఊళ్ళో గెడ్డ అంటే మురిక్కాలువ అనుకుంటున్నాం! ఏలేరు నీళ్ళు దాదాపు 150 కిలోమీటర్లు కాలువలో నడిచి వస్తున్నాయి. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల దగ్గర రాయిని తొలుచుకుని, తాటిపూడిలో ఆగి మన కుళాయిల దాకా వస్తోంది. ఆ కొండల మీద గిరిజన పల్లెల్లో ఆడవాళ్ళు ఇవాళ్టికీ బిందె నెత్తిన పెట్టుకుని ఊట దగ్గరికి దిగి ఎక్కుతున్నారు. వాళ్ళ కొండ మీద పడిన వాన, వాళ్ళ ఇంటికి రాదు, మన ఇంటికొస్తుంది. మన ఊరికి నీళ్ళిచ్చే రైవాడ రిజర్వాయరు ఆయకట్టు రైతు మా నీళ్ళు మాకివ్వండని రోడ్డెక్కితే మనకు ట్రాఫిక్ ఆగిందని చిరాకు. ఆ నీళ్ళతో మనం పొద్దున్నే చేసే ఘనకార్యం కారు కడుక్కోవడం. సిగ్గు లేదా మనకి? నాక్కూడా లేదు, మొన్నటిదాకా నేనూ పైపు పెట్టే కడిగాను.

సరే, సాయంత్రానికి సెల్లార్ ఖాళీ అయిందని గ్రూపులో ఫొటో పెట్టారు. అందరూ దండాలు పెట్టారు. అరగంట తర్వాత చూస్తే, రోడ్డు మీదకు తోడిన నీళ్ళు రోడ్డు వాలుకి తిరిగొచ్చి, ర్యాంపు మీదుగా మర్యాదగా సెల్లార్‌లోకి దిగుతున్నాయి. ప్రెసిడెంట్ గారు మళ్ళీ గొడుగు తెరిచారు.