చిన్నాయనా, ఆ చేపల మెసేజ్ ఇంకోసారి పంపొద్దు

ఈ వారంలో ఇది నాలుగోసారి. మొదట మా చిన్నాయన పంపినాడు, తర్వాత మైదుకూరు బావ, ఆ తర్వాత పదో తరగతి గ్రూపులో ఇద్దరు. 'చేపల రైతుపై సర్కారు కక్ష' అని పైన ఎర్ర అక్షరాలు, కింద ఐదు పాయింట్లు, చివర దండం పెట్టే చేతులు. ఇన్నాళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్నా, ఇక నా వల్ల కాదు.

మొదటి పాయింట్, ఇంట్లో అక్వేరియానికీ లైసెన్స్ కావాలట. అక్కర్లేదు. తర్వాతిది చూద్దాం.

'ఈ చట్టాలన్నీ రొయ్యలోళ్లకు, కడపకు సముద్రం యాడుంది?' అట. కేంద్రం 2005లో తెచ్చింది తీరప్రాంతం చట్టమే, కాదనను. కానీ 2020లో మన రాష్ట్రం తెచ్చిన అప్సడా (చేపలు, రొయ్యల పెంపకాన్ని చూసుకునే రాష్ట్ర సంస్థ) చట్టం మంచినీటి చెరువులకూ వర్తిస్తుంది. రాసినాయన అంతవరకు చదవలేదు.

చెరువు నీళ్లు పొలానికి ఎరువే అన్నది మూడోది. బొచ్చె, శీలావతి పెంచే చెరువైతే సరే, ఆ నీళ్లు వరికి పారించుకునేవాళ్లు ఉన్నారు. కానీ మెసేజ్ వెనకేసుకొచ్చేది ఏ చెరువునో నాలుగో పాయింట్‌లో బయటపడుతుంది.

'క్యాట్‌ఫిష్ మన తాతలు తిన్న మార్పు చేపే, కోడి వ్యర్థాలు వేస్తే ఊరూ శుభ్రం, చేపకూ మేత, నిషేధం కంపెనీల కుట్ర.' ఇక్కడే నాకు మండింది. మన నాటు మార్పు చేప కిలో తూగడమే గగనం. వీళ్లు పెంచేది ఆఫ్రికా రకం, కిలోలకు కిలోలు పెరుగుతుంది, చిన్న చేప కనబడితే మింగుతుంది. దీన్ని పెంచకూడదన్న మాట పాతదే, 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ గట్టిగా చెప్పింది. ఇది గాలి పీల్చుకుని బతకగలదు, తడి నేల మీద పాకుతూ పక్క గుంటలోకి పోగలదు. మరి కట్ట పక్కనే కేసీ కెనాల్ కాలువ ఉందని, నాలుగు రోజులు వాన పడితే కట్ట తెగుతుందని దానికి తెలియదు అనుకుందాం, రాసినాయనకైనా తెలియాలి కదా! కాలువలో పడ్డాక కొరమీను పిల్లలు, పరిగెలు మిగులుతాయా? అప్పుడు కుట్ర చేసిన కంపెనీ వచ్చి వాటిని తిరిగి పోస్తుందా?

ఊరు శుభ్రం సంగతి కూడా చెప్తా. పోయిన ఎండాకాలం అలాంటి చెరువు గట్టు మీద నిలబడినా. ఆటోలో నాలుగు నీలం డ్రమ్ములొచ్చినాయి, మూత తీయగానే డ్రైవరే తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు. పేగులు, ఈకలు, కాళ్లు అన్నీ కలిపి నీళ్లలోకి కుమ్మరిస్తే, నీళ్లు ఉడికినట్టు కదిలినాయి. ఒడ్డున కుక్కలు, పైన కాకులు, నీళ్లు ఇంజన్ ఆయిల్ రంగు. ఆ నీళ్లే ఇంకి పక్కోళ్ల బోరు వైపు పోయేది. చాలా శుభ్రం సామీ, స్వచ్ఛ అవార్డు ఇప్పించండి.

ఐదోది, 'లైసెన్స్ అంటే లంచం కోసమే.' దీని దగ్గర మాత్రం నా నోరు పెద్దగా లేవదు. మా స్నేహితుడొకడు ఎకరంలో శీలావతి వేసుకుందామని కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ ఏడు నెలలు తిరిగినాడు. క్యాట్‌ఫిష్ చెరువాయన అప్లికేషనే పెట్టలేదు కాబట్టి ఆయన్ని అడిగినవాడే లేడు. అడిగినోడికి తిప్పలు, అడగనోడికి ఆదాయం. ఇంకోటి, చికెన్ అంగళ్ల వ్యర్థాలు యాడ పారేయాలో మా టౌన్లో ఇంతవరకు ఎవరూ చోటు చూపించలేదు, అందుకే ఆ డ్రమ్ములు చెరువుకు పోతున్నాయి. ఇవి రాసి పంపుంటే నేనే పదిమందికి ఫార్వార్డ్ చేసేవాణ్ని.

చిన్నాయన మాత్రం మొన్న ఆదివారం కూడా సంతలో చేప మొప్పలు ఎత్తి చూసి, 'ఇది చెరువుదా, డ్యామ్‌దా?' అని రెండుసార్లు అడిగి బొచ్చెనే తెచ్చుకున్నాడు.