హెల్మెట్ పెట్టావు సరే, లారీ డ్రైవర్‌కి కనబడుతున్నావా?

వైజాగ్‌లో హెల్మెట్ అనగానే చలానా గుర్తొస్తుంది, తల గుర్తురాదు. 2024 సెప్టెంబరు 1 నుంచి వెనక కూర్చున్నవాళ్లకి కూడా తప్పనిసరి చేశారు. మద్దిలపాలెంలో పోలీసు కనబడగానే చేతికి తగిలించుకున్నది తలకెక్కుతుంది, హనుమంతవాక వచ్చేసరికి మళ్లీ చేతికే. పెట్టుకున్నోళ్లలో స్ట్రాప్ బిగించేది ఎంతమంది? బిగించకపోతే పడ్డప్పుడు ముందు ఎగిరిపోయేది అదే. 2021 జూన్ నుంచి ఐఎస్‌ఐ మార్కు లేనివి అమ్మకూడదు, అయినా రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు.

సరే, నా గొడవ అది కాదు. హెల్మెట్ పని మొదలయ్యేది గుద్దుకున్నాక, గుద్దుకోకుండా ఉండాలంటే ముందు ఎదుటోడికి కనబడాలి కదా, దాని గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రి షిఫ్ట్ దిగి గాజువాక నుంచి షీలానగర్ వైపు వచ్చే కుర్రాళ్లని చూడండి, నల్ల బండి, నల్ల జాకెట్, నల్ల హెల్మెట్, దానికి మళ్లీ నల్ల వైజర్ (రాత్రిపూట అదెందుకో నాకైతే అర్థం కాదు), పక్కనే పోర్టు లారీలు. 60 స్పీడ్‌లో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది, డ్రైవర్ చూసి బ్రేక్ మీద కాలేసేలోపే అంత దూరం అయిపోతుంది, లోడు లారీ ఆగడం ఆ తర్వాత మాట. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి పగలు కూడా హెడ్‌లైట్ వెలిగేలా పెట్టింది కనబడడానికే, కానీ వెనక లైటుని పట్టించుకునేవాడు లేడు. సైకిల్‌కైతే చాలావాటికి అదీ ఉండదు.

బీచ్ రోడ్డులో తెల్లారకముందే భీమిలి దాకా తొక్కేవాళ్లు పచ్చ ఫ్లోరసెంట్ టీషర్ట్ వేసుకుంటే చాలనుకుంటారు. ఆ రంగు అంత మెరిసేది ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల, చీకట్లో అదీ మామూలు బట్టే. చీకట్లో పనికొచ్చేది రిఫ్లెక్టివ్ టేప్, మీద పడ్డ లైటుని వచ్చినవైపుకే తిప్పి పంపుతుంది. అది కూడా వీపు మీదకన్నా చీలమండకి, పెడల్‌కి ఉంటే మేలు, ఎందుకంటే లో బీమ్ పడేది కిందకే, పైగా కాలు పైకీ కిందకీ ఆడుతుంటే అది మనిషని దూరం నుంచే తెలిసిపోతుంది.

లారీలకి అంటించే టేప్ ముక్కే దీనికీ సరిపోతుంది. హెల్మెట్ కొట్లో అడిగితే మాత్రం పుర్రె బొమ్మ స్టిక్కర్ చూపిస్తారు. 1000 రూపాయలు చలానా రాసే పోలీసు ఒకసారి బండి వెనక్కెళ్లి లైటు వెలుగుతుందో లేదో కూడా చూడొచ్చు. షిఫ్టులు నడిపే కంపెనీలైతే గేటు దగ్గరే ఎవరి సైకిల్‌కి వాళ్లకి టేప్ అంటించి పంపొచ్చు, దానికి జీవో అక్కర్లేదు.