మిరపచేల గుడారాల్లో పిల్లలు ఎవరి లెక్కలోకి వస్తారు?

విదేశాల్లో ఉంటున్న మన సంఘం సభ్యులు సొంత ఊళ్లలో బడులకు చేసిన సాయం తక్కువేమీ కాదు. తరగతి గదులు కట్టించారు, బెంచీలు వేయించారు, మంచినీళ్ల ప్లాంట్లు పెట్టించారు. గోడ మీద తాతగారి పేరు చెక్కించుకుంటే తప్పు పట్టేవాణ్ని కాను. నా పేచీ వేరే. గుంటూరు, పల్నాడు వైపు మనం రంగులు వేయించిన బడుల్లో కొన్నింటికి పిల్లలే కరువు. కాస్త కలిగినవాళ్ల పిల్లలు పొద్దున్నే ప్రైవేటు బడి బస్సెక్కిపోతారు. మిరపకోతల కాలంలో అదే ఊరి పొలిమేరలో, టార్పాలిన్ గుడారాల్లో, బడి మొహం చూడని పిల్లలు ఉంటారు. వాళ్లు మన ఊరివాళ్లు కారు కాబట్టి మన లెక్కలోకి రారు.

వాళ్లది కర్నూలు జిల్లా పడమటి వైపు. కోసిగి, ఆదోని, మంత్రాలయం, ఆలూరు, పత్తికొండ. తుంగభద్ర ఆ పక్కనుంచే పోతున్నా చాలా చేలకు వానే దిక్కు. ఖరీఫ్ పనులు ముగిశాక ఊళ్లో కూలి దొరకదు. ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాజెల్లాతో సుగ్గికి, అంటే కూలి కోసం వలసకు, బయల్దేరతారు: ముందు పత్తి తీతకు, తర్వాత మిరపకోతకు. ముసలివాళ్లు ఉన్న ఇళ్లలో కొందరు పిల్లలు ఆగిపోతారు. మిగతావాళ్లు లారీ ఎక్కాల్సిందే. కిలోల లెక్కన కూలి ఇచ్చేచోట పదేళ్ల పిల్ల చేతులు కూడా సంపాదనే. కోయలేని చిన్నవాళ్లు ఇంకా చిన్నవాళ్లను ఎత్తుకుని గట్టున కూర్చుంటారు. కాయ కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో, మిరప పండించిన ఇళ్లలో పుట్టినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

కోతలు ముగిసి ఇంటికి చేరేసరికి వార్షిక పరీక్షలు దగ్గరపడతాయి, కొన్నిసార్లు అయిపోతాయి కూడా. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చే పథకాలు, నిన్నటి అమ్మఒడికైనా నేటి తల్లికి వందనానికైనా, 75 శాతం హాజరు షరతు. నెలల తరబడి వలసలో ఉన్న పిల్లకు ఆ హాజరు ఎక్కడినుంచి వస్తుంది? ఎవరికి ఆ డబ్బు ఎక్కువ అవసరమో వాళ్లకే అది అందకుండా పోయే వీలుంది.

"వాళ్లకు చదువు విలువ తెలియదండీ" అనే మాట మన సమావేశాల్లో ఎప్పుడూ వింటాను. నేను ఒప్పుకోను. బడికి పోని ప్రతి బిడ్డా బాలకార్మికుల కిందే లెక్క అంటూ ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పని మొదలుపెట్టింది. పిల్లల్ని పని మాన్పించి, కొన్నాళ్లు శిబిరంలో చదివించి, వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. పిల్లల కూలి డబ్బు పోతుందని తెలిసే ఆ నిరుపేద తల్లిదండ్రులు పంపారు. ఈ పనిని నడిపించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. చదువు మీద ఆశ లేని ఇల్లు ఉంటుందంటే నేను నమ్మను. ఆశ పెట్టుకోవడానికి దగ్గరలో దారి ఉందా అన్నదే ప్రశ్న.

దారి చట్టంలో ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను టీసీ రాలేదనో, వయసు ధ్రువపత్రం లేదనో, ఏడాది మధ్యలో వచ్చారనో బడి చేర్చుకోననడానికి వీల్లేదు. అంటే మిరపకోతకు వచ్చిన పిల్ల మనం బెంచీలు వేయించిన ఆ బడిలో కూర్చోవచ్చు, మధ్యాహ్నం అక్కడే అన్నం తినొచ్చు. ఇక బాలకార్మిక చట్టానికి 2016లో వచ్చిన సవరణ తర్వాత 14 ఏళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. సొంత ఇంటి పనిలో బడి అయ్యాక సాయం చేయడానికి మినహాయింపు ఉంది గానీ, పరాయివాళ్ల చేలో కోతకు అది వర్తించదు. ఆ చేలు ఎవరివి? కౌలుకిచ్చినా సరే, కొన్ని మనవే.

అందుకే ఈసారి మన నిధిలో కొంత గోడలకు కాకుండా మనుషులకు పెడదాం. గుడారాల నుంచి బడికి ఆటో, కోతల కాలానికి ఒక వాలంటీరు జీతం, చంటిపిల్లలను చూసుకునే ఒక ఆయా. లేదంటే కోసిగి వైపు లారీలు కదలకముందే పెద్దవాళ్లు వలసలో ఉన్నన్నాళ్లు పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టళ్లు తెరిపించేలా పనిచేసే స్థానికులకు అండగా నిలబడదాం. డబ్బు పంపేటప్పుడు ఒక చిక్కుంది. విదేశీ పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ విరాళమే, ఆ విరాళాలను నియంత్రించే చట్టం ఎఫ్‌సీఆర్ఏ కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ ఉన్న సంస్థే దాన్ని తీసుకోవాలి. 2020 సవరణ వచ్చాక ఆ సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. పెద్ద సంస్థకు ఇచ్చేస్తే అదే చిన్నవాళ్లకు చేరుస్తుందిలే అనుకునే కాలం పోయింది. పల్లెలో నేరుగా పనిచేసేవాళ్లను వెతికి పట్టుకోవాలి, అది కాస్త శ్రమే.

శిలాఫలకానికి ఇందులో చోటు లేదు, ఫొటోలూ పెద్దగా రావు. సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు హెడ్మాస్టరుగారిని ఒక్క మాట అడగండి: కిందటి సీజన్లో గుడారాల పిల్లలను ఎంతమందిని చేర్చుకున్నారు? ఎవరూ లేరంటే, అక్కడినుంచి నేరుగా చేల వైపు వెళ్లి కూలీలను తెచ్చిన మేస్త్రితో మాట్లాడండి. ఆ తర్వాత చేను యజమానితో. ఆయన మీ బాబాయే కావచ్చు.