పన్నెండు మంది దేవుళ్లకు ఒంగోలు నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ ఫాంటసీ నవలల దేవతా మండలి వారికి, ఒంగోలు నుంచి ఒక సండేస్కూల్ మాస్టారు రాసుకున్న అర్జీ.

అయ్యలారా, అమ్మలారా,

ఆదివారం పొద్దున పిల్లలకు బైబిలు కథలు చెప్తాను. మిగతా సాయంత్రాలు కత్తులూ డ్రాగన్లూ ఉన్న నవల ఒకటి రాస్తున్నాను. అందులోకి మీరు పన్నెండు మందీ నేను పిలవకుండానే వచ్చి కూర్చున్నారు. నిప్పుకొకరు, నీటికొకరు, యుద్ధానికొకరు, పంటకొకరు. దొంగలకు కూడా ఒకరు. ఏ నవల తెరిచినా దొంగల దేవుడి పోస్టు మాత్రం ఖాళీగా ఉండదు. కలెక్టరాఫీసులో కూడా సెక్షన్లు ఇంత పద్ధతిగా ఉండవు.

మీ మీద మొదట అభ్యంతరం చెప్పింది మా సంఘ పెద్ద ఒకాయన. రాతప్రతి తిరగేసి, "ఏందబ్బాయ్ ఇది? బాప్తిస్మం తీసుకున్నోడివి, పన్నెండు మంది దేవుళ్లేంది? శక్తులు అని మార్చెయ్, సరిపోద్ది" అన్నారు. పెద్దాయన మాట కాదనలేక మార్చాను. శక్తులయ్యాక కూడా మీ గుళ్లు మీకున్నాయి, పూజారులున్నారు, నైవేద్యాలు వేళకు అందుతున్నాయి. బోర్డు మారింది, ఆఫీసు అదే.

ఆ పెద్దాయనే గుడిలో మొదటి రాజుల గ్రంథం 18వ అధ్యాయం చదివితే వినాలి. కర్మెలు కొండ మీద బయలు అనే దేవుడి ప్రవక్తలు 450 మంది పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కేకలు పెడుతుంటారు. గట్టిగా పిలవండి, మీ దేవుడు ప్రయాణంలో ఉన్నాడేమో, నిద్రపోతున్నాడేమో అని యెహోవా ప్రవక్త ఏలీయా ఎగతాళి చేస్తాడు. అక్కడ ఈయన గొంతులో వచ్చే హుషారు పెళ్లి ప్రకటనలు చదివేటప్పుడు కూడా రాదు. అష్డోదులో ఫిలిష్తీయుల దేవుడు దాగోను విగ్రహం దేవుని మందసం అనే పెట్టె ముందు బోర్లా పడి, తలా చేతులూ తెగిపోయిన కథ నా క్లాసు పిల్లలు అడిగి మరీ చెప్పించుకుంటారు. లుస్త్ర ఊళ్లో జనం అపొస్తలుల్ని చూసి తమ గ్రీకు దేవుళ్లే దిగొచ్చారనుకుని బర్నబాను ద్యుపతి అన్నారు, పౌలును హెర్మే అన్నారు, ఎడ్లనూ పూదండలనూ తెచ్చారు. 82వ కీర్తనలో దేవుడు దైవముల మధ్య నిలబడి తీర్పు తీరుస్తాడు. ఇన్ని పేర్లున్న గ్రంథాన్ని చంకలో పెట్టుకుని నా నవలలోని పేర్లకు టెన్షన్ పడటం ఏమిటో ఆయనకే తెలియాలి.

కాబట్టి మీరు ఎంతమంది అన్నది నా ఫిర్యాదు కాదు. మీరు మరీ చవక, అదీ ఫిర్యాదు.

బయలు చవక కాదు. తుఫాను ఆయనది, వాన ఆయనది అని నమ్మారు. ఏలీయా ఆ పోటీ పెట్టింది ఏళ్ల తరబడి చినుకు లేని కరువులో. కనిగిరి వైపు విత్తనం చల్లి ఆకాశం చూసే రైతుకు, వాన ఇస్తానన్నవాడి వెంట జనం ఎందుకు పోతారో ఒకరు చెప్పక్కర్లేదు. నా నవలలో మీ వానదేవుడి దగ్గరకు వచ్చేది ఎవరు? హీరో. ఎందుకు? కత్తికి మెరుపు పట్టించుకోవడానికి. అర పేజీలో పని అయిపోతుంది, రసీదు కూడా అడగడు. నాలుగు అధ్యాయాల తర్వాత అదే హీరో నిప్పుదేవుడి పక్షానికి మారతాడు. ఊళ్లో ఒక్కడు కూడా "ఏందిరా ఇది" అనడు.

మా ప్రాంతంలో దేవుడు మారడం అంటే ఏమిటో మీ మండలి రికార్డుల కోసం రాస్తున్నాను. ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో మొదట క్రైస్తవులైనవాళ్లకు మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. అంటే జాతరలో డప్పు కొట్టమని పిలిస్తే రానని చెప్పాలి. ఎవరికి? కూలీ ఇచ్చే ఆసామికి, ఊరి కరణానికి. తర్వాత 1876–78 కరువు వచ్చింది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు కానీ, ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చేవాళ్లు వద్దనుకున్నాడు. ఆ పని ముగిశాకే, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీ పన్నెండు మందిలో ఒక్కరైనా, అడగవచ్చిన వాళ్లను "ఇప్పుడు కాదు, కడుపు నిండాక రండి" అని వెనక్కి పంపారా?

నా విశ్వాసం కాని చోట కూడా నాకు ఈ బరువు కనిపిస్తుంది. మొహర్రం రోజుల్లో నెల్లూరు స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా దగ్గర, జనం నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె. కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి తామే రొట్టె పంచుతారు. నేను ఆ నీళ్లలో దిగను. కానీ పిల్లల కోసం రొట్టె పట్టుకున్న ఒక తల్లి ముఖంలో ఉన్నంత ఆశ, మీ గుళ్లన్నింటిలో కలిపి వెతికినా దొరకదు.

ఇక మీ పైఅధికారి, అంటే సృష్టికర్త, సంగతి. ఇంగ్లీషు ఫాంటసీ నవలల రచయిత టోల్కీన్ క్యాథలిక్. ఆయన తన లోకానికి ఒకే సృష్టికర్తను పెట్టి, కింద ఆయన చేసినవాళ్లను నిలబెట్టాడు. మనుషులు వాళ్లనే దేవుళ్లన్నారని కూడా రాశాడు. ఆ పుస్తకం, సిల్మరిలియన్, ఆయన పోయాక 1977లో వచ్చింది. తర్వాత మాలాంటివాళ్లం ఆ ఏర్పాటును సగమే కాపీ కొట్టాం. మా సృష్టికర్త మొదటి పేజీలో లోకాన్ని చేసేసి, దీర్ఘకాలిక సెలవు పెట్టి వెళ్లిపోతాడు. చివరి పేజీ దాకా డ్యూటీలో చేరడు. ఏదెనులో చల్లపూట తోటంతా తిరుగుతూ "ఎక్కడున్నావు" అని ఆదామును వెతికిన దేవుడికీ ఈ సెలవు చీటీకీ సంబంధం ఏమిటి? చిత్రం చూడండి, మా పెద్దాయన "పైన ఒక్కడే ఉన్నాడు కదా, భేష్" అని టిక్కు పెట్టింది సరిగ్గా ఆ పేజీకే.

అందువల్ల తమరు దయచేసి గమనించవలసింది. పైఅధికారి సెలవు రద్దు చేశాను. దొంగల దేవుడి పోస్టు ఎత్తేశాను. బయలు ఉద్యోగం వానదేవుడిది కనుక ఆయన ఉంటాడు, మళ్లీ "దేవుడు" అనే పేరుతోనే ఉంటాడు. మూడో అధ్యాయంలో ఒక ముసలామె తన ఒక్కగానొక్క మేకను తోలుకుని ఆయన గుడికి వస్తోంది. మేక తీసుకుంటారు, వాన రాదు. అప్పుడు ఆమెకు ఏం సమాధానం చెప్తారో వానదేవుడి సొంత దస్తూరీతో రాసి పంపించండి. పూజారి చేత రాయించింది చెల్లదు. అది నాకు అందేదాకా హీరో కత్తికి మెరుపు మంజూరు కాదు.

ఇట్లు,
తమ విధేయుడు కాని
సండేస్కూల్ మాస్టారు, ఒంగోలు